‘మీ అభిప్రాయం చెప్పండి’ అంటారు, చెప్తే వింటారా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో, హన్మకొండలో చాయ్ తాగే దగ్గర, ఆఖరికి పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్ళు కూడా ప్రభుత్వ నిర్ణయాల్లో జనం మాట గురించి నన్ను ఇవే అడుగుతుంటారు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పలేక ఒకచోట రాసి పెడుతున్నాను. నేను లాయర్‌ని కాను, ఏ పార్టీ మనిషినీ కాను. వరంగల్ ట్రైసిటీలో (వరంగల్, హన్మకొండ, కాజీపేట) ఒక కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిగా ఏడెనిమిదేళ్ళు ఆఫీసుల చుట్టూ చెప్పులు అరగదీసిన మనిషిని, అంతే.

అసలు జనాన్ని అడగడమంటే మన నాయకులకు, అధికారులకు ఇష్టమేనా?

ఇష్టమే. నవ్వకండి, నిజంగానే ఇష్టం. కాకపోతే నిర్ణయం అయిపోయాక ఇష్టం. శంకుస్థాపనకు రండి, అవగాహన సదస్సుకు రండి, మొక్క నాటండి, ర్యాలీలో నడవండి, దరఖాస్తు పెట్టుకోండి అన్నప్పుడు ఎంతమంది వస్తే అంత సంతోషపడతారు. అదే పని ఇంకా కాగితం మీద ఉన్నప్పుడు, రోడ్డు ఇటు పోవాలా అటు పోవాలా అని తేల్చే గదిలోకి మనం వచ్చి కూర్చుంటామంటే మాత్రం మొహాలు మారిపోతాయి.

నేను చూసినంతలో దరఖాస్తుకు, అభిప్రాయానికి చాలా తేడా ఉంది. దరఖాస్తు పెట్టేవాడు చేయి చాస్తాడు, తీసుకునేవాడు పెద్దమనిషి అవుతాడు. అభిప్రాయం చెప్పేవాడు ఎదురుగా సమానంగా కూర్చుంటాడు. మన దగ్గర ఏ పార్టీ ఉన్నా మొదటిదానికి ఎన్ని కౌంటర్లయినా తెరుస్తారు. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన పేరుతో ఊరూరా, వార్డు వార్డునా కౌంటర్లు పెడితే కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. సోమవారం వచ్చిందంటే కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి దగ్గర లైన్ ఉంటుంది. ఇవి తప్పని నేను అనడం లేదు, పింఛన్ ఆగిన ముసలమ్మకు ఆ లైనే దిక్కు. కానీ రెండో రకం కౌంటర్ ఎక్కడుందో చూపించమంటే చాలామంది తడుముకుంటారు.

అసలు లేనేలేదని అంటే అబద్ధం అవుతుంది. 2024 జూలైలో రైతు భరోసా (పంట పెట్టుబడి సాయం) ఎవరికి ఇవ్వాలి, ఎన్ని ఎకరాల దాకా ఇవ్వాలి అని మంత్రుల ఉపసంఘం ఉమ్మడి జిల్లాల్లో తిరిగి రైతుల మాట విన్నది. పథకం ఇంకా తేలకముందు అడగడం అది. 2025 జనవరిలో ఎకరాల పరిమితి లేకుండా, సాగుకు పనికొచ్చే భూమికి ఏడాదికి ఎకరాకు 12 వేలు అని ప్రకటించారు. రైతులు చెప్పినందుకే అలా చేశారా, ఓట్ల లెక్క చూసుకున్నారా అన్నది ఎవరికి వారు అనుకోవాల్సిందే, కానీ అడిగిన సమయం మాత్రం సరైనది.

ఓటు వేసి గెలిపించాం కదా, మళ్ళీ మధ్యలో మన పెత్తనం ఎందుకు?

ఇది నాయకులు ఎక్కువగా చెప్పే మాట, తీసిపారేసే మాట కూడా కాదు. “నన్ను అయిదు వేల మంది గెలిపించిండ్రు, మీ మీటింగుకు వచ్చింది ఇరవై మంది, నేనెవరి మాట వినాలె?” అని ఒక ప్రజాప్రతినిధి నన్ను మొహం మీదే అడిగాడు. ఆ రోజు నాకు జవాబు దొరకలేదు, ఇంటికి వచ్చి అన్నం తింటుంటే దొరికింది.

ఆ అయిదు వేల మంది ఆయన్ను గెలిపించినప్పుడు మోరీ (మురుగు కాలువ) వెడల్పు ఎంత ఉండాలని ఓటు వేయలేదు. గుర్తు చూసి వేశారు, పార్టీ చూసి వేశారు, కొందరు మొహమాటానికి వేశారు. ఓటు ఒక మనిషికి అయిదేళ్ళు అధికారం ఇస్తుంది, ఆ అయిదేళ్ళలో వచ్చే వెయ్యి పనుల మీద మన తరఫున ముందే సంతకం పెట్టదు. పైగా ఆ ఇరవై మంది ఇళ్ళ ముందు నుంచే ఆ మోరీ పోయేది.

అయినా ఆయన ప్రశ్నలో సగం న్యాయం ఉంది. మీటింగులకు వచ్చేది ఎప్పుడూ ఆ ఇరవై మందే. రిటైరైనవాళ్ళు, సొంతిళ్ళవాళ్ళు, మాట్లాడే అలవాటు ఉన్నవాళ్ళు (నాలాంటివాళ్ళు). కిరాయికి ఉండేవాళ్ళు రారు, పొద్దున ఆరింటికే అడ్డా మీదికి పోయే కూలీలు రారు, ఆడవాళ్ళు వచ్చినా వెనక నిలబడతారు. దీన్ని సరిచేసుకోకుండా ‘ప్రజలు ఇలా అంటున్నారు’ అని మనం అనడం కూడా ఒక రకం దబాయింపే.

అధికారులు ఎందుకు వెనకాడతారు? వాళ్ళకు ఎన్నికల భయం లేదు కదా?

ఎన్నికల భయం లేదు, తేదీల భయం ఉంది. నాకు బాగా తెలిసిన ఒక ఇంజనీర్, ఇప్పుడు రిటైరయ్యారు, ఒకసారి చాయ్ తాగుతూ అన్నీ బయటపెట్టారు. పై నుంచి నిధులు వచ్చేది ఆలస్యంగా, ఖర్చు చూపించాల్సింది మార్చి 31 లోపు. ఆ మధ్యలో ఎస్టిమేట్, మంజూరు, టెండర్, అగ్రిమెంట్. ఇందులో ‘జనాన్ని అడగడం’ అనే గడి ఏ ఫైల్‌లోనూ లేదు, అడిగితే ఎవరూ మెచ్చుకోరు, అడక్కపోతే ఎవరూ తప్పు పట్టరు, కానీ నిధులు వెనక్కి పోతే మెమో వస్తుంది. “పది మందిని అడిగితే పదకొండు మాటలు చెప్తరు, ఆ పదకొండో మాట పేపర్లో పడుతది,” అని నవ్వారు.

రెండోది తెలివి గురించి. ఇది వాళ్ళు బయటకు అనరు, కానీ మాటతీరులో తెలిసిపోతుంది. లెవెల్స్, డిశ్చార్జ్, అలైన్‌మెంట్ లాంటి మాటలు నాలుగు వదిలితే మనం నోరు మూసుకుంటామని వాళ్ళకు అనుభవం. నిజమే, ఆ లెక్కలు మనకు రావు. అయితే 2020 ఆగస్టు వానకు నీళ్ళు ఏ గల్లీలోంచి వచ్చి ఏ ఇంటి ఎన్నో మెట్టు దాకా ఎక్కాయో ఆ లెక్కల్లో ఉండదు, అక్కడ ఉండే మనిషి గోడ మీద మరక చూపించి చెప్తాడు.

మూడోది బదిలీ. ఈ రోజు మాట ఇచ్చిన సార్ వచ్చే ఏడాదికి వేరే జిల్లాలో ఉంటాడు, అందుకే మాట ఇవ్వడానికి జంకుతాడు. నాకు వాళ్ళ మీద కోపం కన్నా జాలే ఎక్కువ, ఈ మాట మా సంఘంలో అంటే మాత్రం నన్ను తిడతారు.

అధికారంలో ఉన్నవాళ్ళు, ప్రతిపక్షంలో ఉన్నవాళ్ళు ఒకేలా ఆలోచిస్తారా?

లేదు. ఇది మన దగ్గరే కాదు, యూరప్‌లో ప్రజాప్రతినిధులనే అడిగి చేసిన అధ్యయనాల్లోనూ ఇదే తేలింది. జనాన్ని నిర్ణయాల్లో కలుపుకోవాలన్న ఉత్సాహం ప్రతిపక్షంలో ఉన్నవాళ్ళకు ఎక్కువ, కుర్చీలో ఉన్నవాళ్ళకు తక్కువ. సలహా తీసుకుంటాం అంటే చాలామంది సరే అంటారు, ఆ సలహాకు కట్టుబడాలి అంటే వెనక్కి తగ్గుతారు. మన ఊళ్ళో దీనికి అధ్యయనం అక్కర్లేదు. నిన్నటిదాకా ధర్నా టెంట్‌లో మన పక్కన కూర్చున్న మనిషి గెలిచాక “అన్నా, ఆఫీసుకు రండి మాట్లాడుకుందాం” అంటాడు, ఆఫీసుకు పోతే సార్ మీటింగ్‌లో ఉంటాడు.

ఫ్రాన్స్‌లో ఒక తమాషా జరిగింది. 2019లో చీటీ తీసినట్టు దేశమంతటి నుంచి 150 మందిని ఎంచి, వాతావరణ మార్పు మీద ఏం చేయాలో మీరే చెప్పండి అన్నారు. వాళ్ళు చెప్పింది వడపోత లేకుండా ముందుకు తీసుకుపోతానని దేశాధ్యక్షుడే మాట ఇచ్చారు. నెలల తరబడి కూర్చుని వాళ్ళు 149 ప్రతిపాదనలు ఇచ్చారు. తీరా అమలు దగ్గరికి వచ్చేసరికి కొన్నిటిని పక్కన పెట్టారు, కొన్నిటిని పలచన చేశారు, ఆ 150 మందే బహిరంగంగా నిరాశ చెప్పుకున్నారు. ముందే మాట ఇచ్చి తప్పడం కన్నా, ఎంతవరకు వింటామో ముందే చెప్పడం నయం అని నాకనిపిస్తుంది.

మరి మన దగ్గర జనం మాట చెల్లిన సందర్భమే లేదా?

ఉంది. 2016లో జిల్లాల విభజన గుర్తుందా? ఆగస్టు 22న ముసాయిదా ఇచ్చి అభ్యంతరాలు తీసుకున్నారు. ముసాయిదా ప్రకారం మొత్తం 27 జిల్లాలు, అక్టోబర్ 11న చివరికి వచ్చింది 31. జనగామ, సిరిసిల్ల, ఆసిఫాబాద్, గద్వాల తరవాత చేరినవే. ములుగు, నారాయణపేట అయితే 2019 ఫిబ్రవరిదాకా ఆగాల్సి వచ్చింది. జనం చెప్పింది విన్నారు కదా అంటారు. విన్నారు, కానీ ఆన్‌లైన్‌లో పెట్టిన అభ్యంతరాలు చదివి విన్నారా, జనగామలో బంద్‌లూ రాస్తారోకోలూ చూసి విన్నారా? జనగామ వాళ్ళను అడగండి, ఏం చెప్తారో నాకు తెలుసు.

2022లో మన దగ్గర ల్యాండ్ పూలింగ్ (రైతుల భూములు కలిపి తీసుకుని, అభివృద్ధి చేశాక కొంత ప్లాట్లుగా తిరిగి ఇచ్చే పద్ధతి) కథ కూడా అంతే. ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి వరంగల్, హనుమకొండ, జనగామ జిల్లాల్లోని 27 ఊళ్ళలో 21 వేల ఎకరాలకు పైగా భూమి పూలింగ్ కింద తీసుకుంటామని నోటిఫికేషన్ వచ్చింది. రెండు పంటలు పండే భూములు. చాలామంది రైతులకు విషయం తెలిసిందే నోటిఫికేషన్ వచ్చాక. రోడ్లెక్కారు, ఊళ్ళలో తీర్మానాలు చేశారు, చివరికి ఆ మే నెలలో ప్రభుత్వం వెనక్కి తీసుకుంది.

ఆ తరవాత ఎనిమిది నెలలు తిరగకముందే కామారెడ్డిలో, జగిత్యాలలో అదే. పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో చుట్టుపక్కల ఊళ్ళ పంట భూములకు ఇండస్ట్రియల్ జోన్ అని, ఇంకొకటి అని రంగులు పూశారు. కామారెడ్డి దగ్గర ఒక రైతు ప్రాణం తీసుకున్నాక కలెక్టరేట్ ముందు ఎంత రణరంగం అయిందో టీవీలో చూశాం. 2023 జనవరిలో రెండు చోట్లా కౌన్సిళ్ళు ముసాయిదా వద్దని తీర్మానం చేశాయి.

అభ్యంతరాలు చెప్పడానికి గడువు అయితే ఇచ్చారు. కానీ సర్వే నంబర్లు వెతుక్కోవాల్సిన రంగు మ్యాప్ ఒకటి ఆఫీసు గోడకు అంటించి, ఒక ప్రకటన పేపర్లో లోపలి పేజీలో వేసి, అడిగేశాం అనుకుంటే ఎట్లా? ఆ మ్యాప్ పట్టుకుని ఊళ్ళోకి వచ్చి, రచ్చబండ దగ్గర పరిచి, ‘ఇదిగో నీ చెలక ఇక్కడుంది’ అని చూపించి ఉంటే మొదటి రోజే గొడవ తెలిసేది, ఇంత దూరం వచ్చేది కాదు. ఇక్కడ పాలించేవాళ్ళు నేర్చుకుంటున్న పాఠం కూడా తేడాగా ఉంది. ‘ముందే అడగాల్సింది’ అనుకోవడం లేదు, ‘ముందే బయటకు రానివ్వకుండా ఉండాల్సింది’ అనుకుంటున్నారు. అందరూ అని అనను, కొందరైతే నా ముందే అన్నారు.

చట్టంలో ఏముంది? అడగాలని ఎక్కడైనా రాసి ఉందా?

చాలా చోట్ల ఉంది. మనకు చట్టాల కొరత లేదు.

గ్రామసభకు రాజ్యాంగంలోనే చోటు ఉంది, 73వ సవరణతో వచ్చింది, 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం గ్రామసభ రెండు నెలలకు ఒకసారైనా జరగాలి. పట్టణాలకు 74వ సవరణ ఉంది, దాని ప్రకారం మూడు లక్షలు దాటిన చోట వార్డు కమిటీలు ఉండాలి. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ఇంకో అడుగు ముందుకు వేసి ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టమంది: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులు, ఒక్కోదానిలో 15 మంది. ఏజెన్సీ ప్రాంతాలకు 1996 నాటి పెసా చట్టం ఉంది, గిరిజన ప్రాంతాల గ్రామసభలకు అధికారాలు ఇచ్చే చట్టం అది. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా వేసేటప్పుడు గ్రామసభతో మాట్లాడాలని ఉంది, కానీ 2017లో మన రాష్ట్రం ఒక సవరణ తెచ్చి కొన్ని రకాల ప్రాజెక్టులకు ఆ అంచనా నుంచే మినహాయింపు ఇచ్చుకునే వీలు పెట్టుకుంది. పాలించేవాళ్ళ మనసు తెలియాలంటే వాళ్ళ ఉపన్యాసాలు వినడం కన్నా ఇలాంటి సవరణలు చదవడం మేలు.

కేంద్రం 2014 ఫిబ్రవరిలో ఒక విధానం చేసుకుంది, ఏ బిల్లు తెచ్చినా ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని. అది చట్టం కాదు, పాటించకపోతే అడిగే నాథుడు లేడు.

ఇక నాకు బాగా ఇష్టమైనది, ఎవరూ పట్టించుకోనిది సమాచార హక్కు చట్టం 2005లో 4(1)(సి), 4(1)(డి). మొదటిది, ముఖ్యమైన విధానాలు తయారుచేసేటప్పుడు, జనం మీద పడే నిర్ణయాలు ప్రకటించేటప్పుడు వాస్తవాలన్నీ మనం అడక్కుండానే ప్రచురించాలి అంటుంది. రెండోది, నిర్ణయం వల్ల ఎవరికి దెబ్బ తగులుతుందో వాళ్ళకు కారణాలు చెప్పాలి అంటుంది. వినతిపత్రంలో ఈ రెండు సెక్షన్లు రాస్తే తీసుకునే సార్ ఒకసారి తలెత్తి చూస్తాడు, అంతవరకు గ్యారంటీ.

మా వార్డులో ఆ నాలుగు కమిటీలు ఉన్నాయా?

కాగితం మీద ఉండి ఉంటాయి. నాకు తెలిసిన ఒక మున్సిపాలిటీలో ఒకాయన తాను వృద్ధుల కమిటీలో ఉన్నానని రెండేళ్ళ తరవాత తెలుసుకున్నాడు. అది కూడా ఎవరో ఫోటో దిగడానికి పిలిస్తే.

ప్రజాభిప్రాయ సేకరణకు పోతే లాభం ఉంటుందా? పోలీసులే ఎక్కువ ఉంటారంటారు.

గనులు, ఫ్యాక్టరీల కోసం పెట్టే సభల గురించి అడుగుతున్నారు కదా. భూపాలపల్లి, పెద్దపల్లి, మంచిర్యాల వైపు వాళ్ళకు ఇవి బాగా అలవాటు. వీటికి ఆధారం 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కలెక్టర్ గానీ ఆయన తరఫున అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ కూర్చోవాలి, సభ మొత్తం వీడియో తీయాలి.

చాలామందికి తెలియనిది ఏమిటంటే, అక్కడ ఓటింగ్ ఉండదు. ఎంతమంది వద్దన్నారు, ఎంతమంది కావాలన్నారు అని లెక్కపెట్టి తేల్చే సభ కాదు అది. కోరం కూడా లేదు, అంటే పది మందే వచ్చినా సభ జరిగినట్టే. అధికారులు అక్కడ ఏమీ నిర్ణయించరు, చెప్పింది రాసి పైకి పంపుతారు. అందుకే పెద్ద గొంతుతో ‘వద్దు, వద్దు’ అని అరిచి రావడం కన్నా, నంబర్లు వేసి రాసుకుపోయి చదివి, ఆ కాగితం ఇచ్చి రసీదు తీసుకోవడం ఎక్కువ పని చేస్తుంది. తెలుగులో సారాంశం ఇస్తారు, అసలు రిపోర్టు వందల పేజీల ఇంగ్లీషు. సారాంశంలో ఊరి చెరువు పేరు ఉందా లేదా చూడండి, మొదటి ప్రశ్న అక్కడే దొరుకుతుంది.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 2020లో కేంద్రం ఈ నోటిఫికేషన్‌నే మార్చాలని ముసాయిదా తెచ్చింది, అభిప్రాయాలకు ఇచ్చే గడువును 30 రోజుల నుంచి 20కి తగ్గించాలన్నది అందులో ఒకటి. దాన్ని 22 భాషల్లోకి తర్జుమా చేయించండి అని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. దేశమంతా అభిప్రాయం చెప్పాలట, చదవాల్సింది మాత్రం ఇంగ్లీషు, హిందీల్లో!

జనం మాటే చివరి మాట అయిన చోటు కూడా ఉంది. ఒడిశాలో నియమగిరి కొండల మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలు చెప్పాలని 2013లో సుప్రీంకోర్టు అంది. 12 గ్రామసభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి, తవ్వకం ఆగింది. ఆ పని మన ఏజెన్సీలో ఎందుకు జరగదని ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు అడిగాడు. చట్టం అక్కడా ఇక్కడా ఒకటే, కోర్టు దాకా పట్టుకుపోయే ఓపికలో తేడా ఉంది, అన్నాను. సరైన జవాబో కాదో.

2025 జనవరిలో గ్రామసభల్లో అంత రభస ఎందుకైంది?

21 నుంచి 24 వరకు నాలుగు రోజులు పెట్టారు, ఇందిరమ్మ ఇళ్ళు, రేషన్ కార్డులు, రైతు భరోసా, కూలీలకు ఇచ్చే ఆత్మీయ భరోసా జాబితాలు చదవడానికి. మా అత్తగారి ఊళ్ళో ఒకదానికి పోయాను. కార్యదర్శి పేర్లు చదవడం మొదలుపెట్టగానే “మా పేరేది?” అని ఒక్కసారి లేచారు, టెంట్ కింద ఆగమాగం.

జనం అరవడాన్ని చూసి ‘వీళ్ళకు గ్రామసభ విలువ తెలియదు’ అని ఒక అధికారి పక్కన గొణిగాడు. నాకు దానికి ఉల్టా అనిపించింది. అప్పటికి ఏడాదిగా పంచాయతీల్లో సర్పంచులే లేరు, 2024 ఫిబ్రవరిలో గడువు అయిపోయాక ప్రత్యేక అధికారుల పాలన, ఎన్నికలు మళ్ళీ జరిగింది 2025 డిసెంబర్‌లో. మామూలు రోజుల్లో సభ పెట్టి మాట్లాడుకునే అలవాటే పోయింది. ఒక్కసారి పిలిచి, జాబితా చేతిలో పెట్టుకుని చదివితే, జనం దాన్ని చర్చ అనుకోరు, ఫలితాలు చదువుతున్నారని అనుకుంటారు. ఫెయిలైనవాడు అరవక ఏం చేస్తాడు?

మామూలు జనానికి ఇంత పెద్ద విషయాలు అర్థమవుతాయా?

టైమ్ ఇచ్చి, కాగితాలు ఇచ్చి, అర్థమయ్యేలా చెప్పేవాళ్ళను పెడితే అవుతాయి. ఐర్లండ్‌లో 2016లో చీటీ పద్ధతిలో 99 మంది పౌరులను ఎంచి అబార్షన్ చట్టం లాంటి చిక్కు విషయం మీద కూర్చోబెట్టారు. డాక్టర్లు, లాయర్లు, రెండు పక్షాలవాళ్ళూ వచ్చి చెప్పారు, వాళ్ళు నెలల తరబడి విని నిషేధం సడలించమని సిఫారసు చేశారు, 2018 మే 25న రెఫరెండం పెడితే 66.4 శాతం దాన్ని ఒప్పుకున్నారు. అంతకుముందు 2012లో పెట్టిన సభలో 66 మంది పౌరుల పక్కనే 33 మంది రాజకీయ నాయకులు కూర్చున్నారు. నాయకులు ఇంత ఉదారంగా ఎందుకు ఒప్పుకున్నారంటే, తాము ముట్టుకుంటే చేయి కాలే విషయం అది, జనం చేతిలో పెట్టడం వాళ్ళకూ సుఖమే. ఆ స్వార్థం కూడా పనికొచ్చేదే.

ఐర్లండ్ దూరమనుకుంటే గీసుకొండ మండలం గంగదేవిపల్లి మనకు దగ్గర. నీళ్ళకో కమిటీ, ఆరోగ్యానికో కమిటీ, కేబుల్ టీవీకి కూడా ఒక కమిటీ పెట్టుకుని, ఊరి పనులు ఊరివాళ్ళే చూసుకున్న ఊరు, 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. దేశమంతా వచ్చి చూసిపోయారు. పక్క ఊళ్ళలో అది ఎందుకు పాకలేదన్నది నన్ను చాలాకాలంగా తొలిచే ప్రశ్న.

ఉపాధి హామీలో సామాజిక తనిఖీ చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలైంది. కూలీల ఇళ్ళ పిల్లలే మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ తిరిగి ‘నువ్వు ఇన్ని రోజులు పోయినవా, ఇన్ని పైసలు వచ్చినయా’ అని అడిగి, మండలంలో ప్రజావేదిక మీద అందరి ముందు చదివారు. చనిపోయినవాళ్ళ పేరు మీద కూలీ ఎత్తినవి బయటపడ్డాయి. టెన్త్ చదివిన పిల్లలు ఇంజనీర్ల కొలతల పుస్తకాలు సరిచూశారు. అర్థం కాదని ఎవరన్నారు?

జనం చేతికి ఇస్తే జనం కూడా అన్యాయం చేస్తారు కదా?

చేస్తారు. నిజామాబాద్, జగిత్యాల వైపు గ్రామాభివృద్ధి కమిటీలు అని ఉంటాయి, చట్టంలో వాటికి చోటు లేదు. కొన్ని చోట్ల గుడి కట్టారు, రోడ్లు వేయించారు. కొన్ని చోట్ల బెల్టు షాపు వేలం వేశారు, మాట వినని కుటుంబాలకు జరిమానా వేసి, సాంఘిక బహిష్కరణ చేశారు, చాకలి, మంగలి, కిరాణా అన్నీ బంద్ పెట్టించారు. ఆ కమిటీల్లో ఎక్కువగా ఊళ్ళో బలం ఉన్న కులాల మగవాళ్ళే ఉంటారు. అదీ ‘ప్రజల భాగస్వామ్యమే’ అంటే నేను ఒప్పుకోను. కానీ ‘జనాన్ని అడిగితే ఇట్లనే అయితది’ అని దీన్ని సాకుగా చూపే నాయకులు, ఎన్నికలప్పుడు ఓట్ల కోసం ముందు కలిసేది ఆ కమిటీ పెద్దలనే.

మనస్ఫూర్తిగా అధికారం వదులుకున్న ప్రభుత్వం ఎక్కడైనా ఉందా?

కేరళ 1996లో ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చి, ఏం చేయాలో గ్రామసభల్లో తేల్చుకోమంది. అన్నీ సవ్యంగా జరగలేదు, కానీ డబ్బు ఇచ్చి అడిగారు. ఒట్టి చేతులతో అడగడానికి, డబ్బు పెట్టి అడగడానికి తేడా ఏ ఊళ్ళోనైనా చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది.

మా కాలనీలో మొదలుపెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

శంకుస్థాపన ఫ్లెక్సీ కట్టకముందు. అసలు కిటుకు అంతా ఇందులోనే ఉంది. ఏదైనా పని మంజూరైందని పేపర్లో చదవగానే, టెండర్ పిలవకముందే, డ్రాయింగ్ కాపీ, ఎస్టిమేట్ కాపీ కావాలని రాసి ఇవ్వండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మున్సిపల్ బడ్జెట్ తయారయ్యే చలికాలంలో పోయి మాట్లాడండి, మార్చిలో పోతే అప్పటికే అచ్చయి ఉంటుంది.

వినతిపత్రం అని రాయకండి, ‘అభ్యంతరాలు – సూచనలు’ అని రాయండి. చిన్న తేడానే, కానీ వినతిపత్రం అంటే దండ పక్కన పెట్టి ఫోటో దిగే కాగితం, అభ్యంతరం అంటే జవాబు రాయాల్సిన కాగితం. వద్దు అని మాత్రమే రాస్తే పక్కన పడేస్తారు, ఇలా కాదు అలా చేయండి అని రాస్తే ఫైల్‌లో ఉండిపోతుంది. తీసుకున్నట్టు నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. మీటింగ్ పెడితే ఆదివారం సాయంత్రం పెట్టండి, కిరాయిదార్లను పేరు పేరునా పిలవండి, మొదట ఆడవాళ్ళను మాట్లాడనివ్వండి, మాకు మోరీ ఎక్కడ పొంగుతుందో మగవాళ్ళకన్నా వాళ్ళే కరెక్ట్‌గా చెప్పారు.

ఇంకోటి, మంచి అధికారి దొరికితే ఆయన్ను పొగుడుతూ పేపర్‌కి ఎక్కకండి. ఆయన పై అధికారికి మండుతుంది, పని మనకు ఆగుతుంది.

ఇంతకీ మీ కాలనీ మోరీ సంగతి ఏమైంది?

ఇది అందరూ చివర్లో అడుగుతారు, కొందరు దెప్పుతూ అడుగుతారు. 2020 ఆగస్టులో ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చాక పెద్ద మోరీ మంజూరైంది. ఏ ఆఫీసు పని అని చెప్పను. మమ్మల్ని పిలిచినప్పటికే ఫ్లెక్సీ కట్టి ఉంది, కొబ్బరికాయలు కూడా వచ్చేశాయి. కింద ఉన్న కల్వర్టు ఇరుకు, దాన్ని పెంచకుండా పైన మోరీ వెడల్పు చేస్తే నీళ్ళన్నీ పోయి అవతలి బస్తీ మీద పడతాయని మేం చెప్పాం. “మీరు దరఖాస్తు ఇచ్చిపోండ్రి, చూస్తం” అన్నారు. ఇచ్చాం. 2023 జూలై వానలకు సరిగ్గా మేం చెప్పిన చోటే, మేం చెప్పిన బస్తీలోనే నడుము లోతు నీళ్ళు. ఆ బస్తీవాళ్ళు మా కాలనీ మీదికి కొట్లాటకు వచ్చారు, మీరే పైనుంచి నీళ్ళు వదిలారని. వాళ్ళకు మా దరఖాస్తు కాపీ చూపిస్తే చల్లబడి, చాయ్ తాగి పోయారు.

ఇప్పుడు కల్వర్టు మార్చే ప్రతిపాదన మళ్ళీ వచ్చింది. ఈసారి టెండర్‌కు ముందే డ్రాయింగ్ ఇచ్చారు, ఆ బస్తీ నుంచి ఇద్దరు, మా నుంచి ఇద్దరు పోయి కూర్చున్నాం. సార్ ఓపికగా విన్నాడు, ఒక చోట పెన్సిల్‌తో గీత కూడా మార్చాడు. ఆ గీత ఫైనల్ డ్రాయింగ్‌లో ఉంటుందో లేదో ఇంకా తెలియదు. జిరాక్స్ కాపీ మా ఇంట్లో బీరువా మీద ఉంది, చూడాలనుకున్నవాళ్ళు సాయంత్రం ఆరు దాటాక రండి, పగలు నేను ఆఫీసుల దగ్గరే ఉంటాను.